ఎత్తుగడలో రాజుగారు

పాలవంక ఏటికి ఈవలి ఒడ్డున, ఏనాటి మాటో చెప్పలేం గాని, మేఘాద్రి అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే ఉద్దండరాయుడు చెడ్డవాడేమీ కాడు. వేళకు కాలవలకు నీళ్ళు వదిలించేవాడు, దొంగల భయం లేకుండా చూసేవాడు. ఉన్నది ఒక్కటే జబ్బు. తన పేరు వినపడకపోతే ఆయనకు పూట గడిచేది కాదు. కోట గుమ్మం మీద ఆయన పేరు, ఏనుగు అంబారీ మీద ఆయన పేరు, చివరికి వంటశాలలో గంగాళాల మీద కూడా ఆయన పేరే.

ఆ జబ్బును కనిపెట్టి పెంచి పోషించినవాడు ఆస్థాన పండితుడు కేశవభట్టు. రాజు మీద నూరు పాటలు కట్టి, వాటికి ‘ఉద్దండ విజయ మందారమాల’ అని పేరు పెట్టి, పట్టుగుడ్డలో చుట్టి సమర్పించాడు. వాటిని ఊరూరా పాడించారు. జనం చేతులు కట్టుకుని విన్నారు, ఇళ్ళకు పోయి మరిచిపోయారు.

ఒకనాడు రాజు వేట నుంచి వస్తూ పొలాల పక్కన ఆగాడు. మోకాటిలోతు బురదలో ఇరవైమంది ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడుతున్నారు. పాట ఇంపుగా ఉంది. దాని పేరేమిటో కనుక్కురమ్మని భటుణ్ణి పంపాడు. ముందు వరసలో ఉన్న నాంచారమ్మ నడుము ఎత్తి, అది ‘మబ్బు దిగె మా చేలోకి’ పాట అని చెప్పింది. అది ఎత్తుగడ గదా, పేరు చెప్పమన్నాడు భటుడు. నాంచారమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. మొదటి మాటలే పాటకు పేరు, వేరే పేరు పెడితే ఎవరికి గుర్తుంటుంది అనేసి మళ్ళీ నాటుకు వంగింది.

ఈ జవాబు రాజు చెవిన పడింది. ఇన్ని పాటలు పాడుకునే జనం నోట తన పేరు ఒక్కసారైనా రాదేమిటని ఆయన బాధ. కేశవభట్టు అది విని, దీనికి మందు చాలా తేలికన్నాడు. జనం పాటను ఎత్తుగడతోనే పిలుస్తారు కాబట్టి, ప్రతి ఎత్తుగడలోనూ ఏలినవారి పేరు ఉండాలని శాసనం చేస్తే, రాజ్యంలో పాటలన్నీ ఒక్క దెబ్బతో ఏలినవారి పాటలు అయిపోతాయి.

మర్నాడే ఊళ్ళలో దండోరా మోగింది. ఇకమీదట మొదటి పాదంలో ఉద్దండరాయుడి పేరు లేని పాట ఎవరూ పాడరాదు. పాడినవారు ఎంతటివారైనా సరే, కారాగారం తప్పదు.

మొదట దొరికిపోయినవాడు ఎల్లమంద. పాలవంక రేవులో నలభై ఏళ్ళుగా పడవ నడుపుతున్న ముసలివాడు, నాంచారమ్మకు స్వయానా అన్న. తెడ్డు వేస్తూ ఎప్పటి పాట అప్పటిలాగే ఎత్తుకున్నాడు. పడవలో ఉన్న తలారి, పేరు కలిపి పాడమని బతిమాలాడు. ఎల్లమంద వినలేదు.

నాంచారమ్మ అన్నకు సద్ది పట్టుకుని కారాగారానికి వెళ్ళింది. ఊచల అవతల అతను గడ్డం మాసి కూర్చుని ఉన్నాడు. అతని చేతులు ఊరికే ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు. సద్ది మూటను ఊచల సందులోంచి ఆ చేతుల్లో పెట్టింది.

“ఒక్క మాట కలిపితే వదిలేస్తారంట గదా అన్నా.”

“ఆ పాట మన నాయన పాడగా విన్నాను. అందులో ఏరుంది, గాలుంది, తెడ్డుంది. రాజును ఎక్కడ కూర్చోబెట్టమంటావే?” అన్నాడు ఎల్లమంద. తన కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దని చెల్లెలి దగ్గర మాట తీసుకున్నాడు.

నాంచారమ్మ మాట ఇచ్చింది. కాని తిరిగివచ్చే దారి పొడుగునా ఆమె ఆలోచిస్తూనే ఉంది. కాళ్ళు పట్టుకోదు సరే, మరి చేసేదేమిటి? శాసనాన్ని ఎదిరిస్తే తానూ వెళ్ళి అన్న పక్కన కూర్చోవాలి. ఊరి పొలిమేర చేరేసరికి ఆమెకు దారి కనిపించింది. శాసనాన్ని ఎదిరించకూడదు. పాటించాలి. రాజు కలలో కూడా అనుకోనంత భక్తిగా పాటించాలి.

నాట్లకు వచ్చే ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఒక్క పాటా మానేయవద్దు, ఒక్క తిట్టు కలపవద్దు. ఎత్తుగడలో ఎవరిని పిలుస్తున్నామో వారి పేరు తీసి రాజుగారి పేరు పెట్టాలి, అంతే. మొదట ఎవరికీ బోధపడలేదు. తర్వాత ఒకామె మెల్లిగా ఒక పాట ఎత్తుకుని, సగంలోనే కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిమ్మట అందరికీ బోధపడింది.

వారం తిరిగేసరికి రాజ్యమంతా రాజుగారే. పొద్దున్నే దుక్కికి పోయే రైతు, మొరాయించిన ఎద్దు తోక మెలిపెట్టి ‘లేవవేమి ఉద్దండరాయా, పొద్దెక్కిపాయె’ అని పాడేవాడు. జొన్నచేలో మంచె మీద నుంచి పడుచుపిల్లలు వడిసెల తిప్పుతూ ‘పోపోర ఉద్దండరాయా, మా చేల నీకేమి పని’ అని పిచ్చుకలను తోలేవారు. పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారు వరుణ్ణి ఆట పట్టిస్తూ ‘ఉద్దండరాయుడి పళ్ళు చూడరే, గుమ్మడి గింజలు చూడరే’ అనేవారు. తల్లులు ఊయల దగ్గర నిలబడి ‘ఉద్దండరాయా, మళ్ళీ పక్క తడిపితివా’ అని జోల పాడేవారు.

తలారులకు పాలుపోలేదు. పట్టుకుందామంటే ఎత్తుగడలో పేరుంది. వదిలేద్దామంటే ఆ పేరు ఉన్న చోటు అలాంటిది. ఒక తలారి పై అధికారిని అడిగాడు. ఆయన తన పై అధికారిని అడిగాడు. శాసనంలో పేరు ఉండాలనే గాని ఎట్లా ఉండాలో రాయలేదు. రాజుకు ఈ సంగతి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. ప్రతి నోటా తమ పేరే వినపడుతోంది మహాప్రభో అని కేశవభట్టు చెబితే, రాజు సంతోషించి ఆయనకు శాలువా కప్పాడు.

అంతలో సంతదారి పక్క ఊళ్ళో ఒక ముసలమ్మ పోయింది. ఏడ్పుపాట కూడా పాటే గదా. ఆడవాళ్ళు శవం చుట్టూ చేరి, శాసనం ప్రకారమే, ‘ఉద్దండరాయా, మమ్ము విడిచి ఏడకు పోతివయ్యా’ అని గుండెలు బాదుకున్నారు. సంతకు పోతున్న పొరుగు రాజ్యపు వర్తకులు ఆ శోకం విన్నారు. బండ్లు అక్కడే వెనక్కి తిప్పి, పరుగున పోయి తమ రాజుకు చెప్పారు.

నాలుగో రోజున ఉద్దండరాయుడు నిండుసభలో తాంబూలం వేసుకుంటూ ఉండగా, పొరుగు రాజు పంపిన పెద్దమనుషులు తలపాగాలు తీసి చేత పట్టుకుని, వంచిన తలలతో లోపలికి వచ్చారు. ముందున్న ఆయన తమ రాజు రాసిన కమ్మ విప్పి, స్వర్గస్థులైన ఉద్దండరాయల వారి ఆత్మకు శాంతి కలగాలని చదివాడు. చదివి తల ఎత్తాడు. ఎదురుగా సింహాసనం మీద స్వర్గస్థుడు తాంబూలం నమలడం ఆపి చూస్తున్నాడు.

ఆ పెద్దమనిషి కమ్మను మళ్ళీ చుట్టి, “ఈ సంతాపం ఎవరికి అందజేయాలో సెలవివ్వండి” అని అడిగాడు.

ఆ పూటతో గుట్టంతా బయటపడింది. ఎద్దు, పిచ్చుక, పెళ్ళికొడుకు పళ్ళు, పసివాడి పక్క, అన్నీ రాజు చెవికి చేరాయి. దీనంతటికీ మూలం నాంచారమ్మ అని తేలి, మర్నాడు ఆమెను సభకు తెచ్చారు. నాటు నుంచి నేరుగా తెచ్చారేమో, పాదాలకు ఆరిన బురద అలాగే ఉంది. ఆమె తల దించలేదు.

ఇది రాజద్రోహమన్నాడు కేశవభట్టు. శాసనంలో ఏ అక్షరం మీరామో చూపించమంది నాంచారమ్మ. పేరు పెట్టమన్నారు గాని ఇలాంటి చోట పెట్టమన్నారా అని ఆయన మండిపడ్డాడు.

“మా బతుకులో ఉన్నవి అవే అయ్యా. ఎద్దు, పిచ్చుక, పసిపిల్ల, పెళ్ళి, చావు. మా పాటలూ వాటి మీదే. ప్రతి పాటలోనూ కూర్చుంటామన్నది ఏలినవారు. మేము చోటిచ్చాం.”

అయితే మంచి పాటల్లో మాత్రమే తన పేరు ఉండేటట్టు శాసనం మారుస్తానన్నాడు రాజు, కళ్ళెర్రజేసి. మంచి పాట ఏదో మేము తెలుసుకునేదెట్లా అని నాంచారమ్మ నిబ్బరంగా అడిగింది. పండితుల వారి నూరు పాటలూ మంచివే గదా, తాటాకు చూడకుండా ఒకటి పాడి వినిపిస్తే నేర్చుకుపోతానంది.

కేశవభట్టు గొంతు సవరించుకున్నాడు. మొదటి పాదం వచ్చింది, రెండోది రాలేదు. ఇంకో పాట ఎత్తుకున్నాడు. అదీ సగంలో అటకెక్కింది. సభలో ఎవరో దగ్గారు. పోనీ ఏలినవారికి కంఠతా వచ్చిన పాట ఒక్కటి సెలవిస్తే, దాన్నే మంచిపాటగా తలకెత్తుకుంటామని నాంచారమ్మ చేతులు జోడించింది.

రాజు మందారమాలలో ఒక్క పాట కోసం మనసులో తడుముకున్నాడు. ఏమీ దొరకలేదు. ఎన్నో ఏళ్ళ కిందట, తల్లి పోయిన ఇంట్లో, పెంచిన దాది తనను ఒళ్ళో వేసుకుని పాడిన పాట ఒకటి దానంతటది పైకి వచ్చింది. ఎందరు చూస్తున్నారో మరిచిపోయి సన్నగా ఎత్తుకున్నాడు.

‘చల్ల చిలికే వేళ పిల్లి కన్ను తెరిచె, చల్లని నా తండ్రి కన్ను మూయవేమి…’

రెండు చరణాలు తప్పు లేకుండా పాడాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆ సభకు అంతదాకా తెలియదు. 

నాంచారమ్మకు కళ్ళు చెమర్చాయి. అయినా ఆమె వదిలిపెట్టలేదు. ఈ పాట పేరేమిటని అడిగింది.

“పేరేముంది, ‘చల్ల చిలికే వేళ’ పాట” అన్నాడు రాజు.

ఆమె తలారుల మీద అధికారి అయిన తలవరి వైపు తిరిగింది. “అయ్యా, ఎత్తుగడలో రాజుగారి పేరు లేదు. ఎంతటివారైనా సరే అని దండోరాలో మేమంతా విన్నాం. ఇప్పుడు మీరు చేయవలసిన పని ఏదో చేయండి.”

తలవరి ఒక అడుగు ముందుకు వేసి, ఒక అడుగు వెనక్కి వేసి, దిక్కులు చూశాడు. రాజు ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత ఆయన తలవరి అవస్థ చూశాడు, సంకెళ్ళ కోసం మొలలో తడుముకుంటున్న అతని చేతిని చూశాడు, ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వి, తన పేరు చేర్చితే దాది పాట ఎట్లా ఉంటుందో మనసులో ఒకసారి అనుకుని చూసుకున్నాడు. ఎక్కడా అతకలేదు. మరుక్షణమే శాసనం రద్దు చేసి, ఎల్లమందను విడిపించమని ఆజ్ఞ ఇచ్చాడు.

నాంచారమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు. బంగారం అడుగుతుందని అందరూ అనుకున్నారు. పడవ దిగే చోట ఒడ్డంతా జారుడు, పోయిన వానల్లో చూలాలు ఒకామె జారి ఏట్లో పడింది, రేవుకు రాతిమెట్లు కట్టించమని ఆమె అడిగింది. రాజు మెట్లు కట్టించాడు. పని జరిగినన్నాళ్ళూ రోజూ వచ్చి, ధోవతి పైకి చెక్కి, నీళ్ళలో నిలబడి చూశాడు. మెట్ల మీద ఎక్కడా తన పేరు చెక్కించలేదు.

మరుసటి ఏడు ఆడవాళ్ళు ఆ మెట్ల మీద ఒక పాట కట్టుకున్నారు. కట్టమని ఎవరూ చెప్పలేదు. ‘రాళ్ళు వచ్చె మా రేవుకు’ అని దాని ఎత్తుగడ, కాబట్టి దాని పేరూ అదే. మూడో చరణంలో, మోకాటిలోతు నీళ్ళలో నిలబడిన ఉద్దండరాయుడు వస్తాడు. ఎల్లమంద తెడ్డు వేస్తూ ఆ పాట పాడుతుంటే, రాజు అప్పుడప్పుడు పని కల్పించుకుని వచ్చి పడవలో ఓ మూల కూర్చునేవాడట. మూడో చరణం వచ్చేదాకా కదలకుండా వినేవాడట.