కనుమమ్మకు ఒక రాయి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. వాళ్ళమ్మది కంటినిండా కమ్మటి నిద్ర. ఆ నిద్ర మీద మేఘజటుడనే మాంత్రికుడి కన్ను పడింది. గాలిలో ఎగిరొచ్చి, దాన్ని సంచిలో మూటగట్టి, మూడు కనుమల అవతలి గుహకు పట్టుకుపోయాడు. ఆనాటినుంచి రాణికి రెప్ప పడలేదు. మనిషి దీపపు వత్తిలా సన్నబడిపోయింది.

రాజు పెద్దకొడుకు వేలికి పట్టపుటుంగరం తొడిగి, "అమ్మ నిద్రనూ, ఈ ఉంగరాన్నీ తెచ్చినవాడిదే రాజ్యం" అన్నాడు.

ఆ కొండల్లో ఒక ఆచారం ఉంది. కనుమ ఎక్కినవాళ్ళు దాన్ని కాచే దేవత కనుమమ్మ ముందు ఒక రాయి పెట్టి, దారి ఇమ్మని అడగాలి. పెద్దకొడుకు గుర్రం దిగితేగా! దారి మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది, తిన్నగా తెచ్చి సొంత కోట గుమ్మంలోనే దింపింది. రెండోవాడి సంగతీ అంతే.

మూడోవాడు కుముదసేనుడు ఉంగరం తొడుక్కుని నడిచే బయలుదేరాడు. బండల సందున కాలు ఇరుక్కున్న కొండమేకను విడిపిస్తే, అది తోడొచ్చి ఆచారం చెప్పింది. మబ్బులు మోకాళ్ళను తాకుతూ పోతున్నాయి. కింద ఎక్కడో వాగులు మాట్లాడుకుంటున్నాయి. మొదటి కనుమలో రాయి పెట్టాడు, దారి సాగింది. రెండో కనుమలో రాయి పెట్టాడు, దారి సాగింది. మూడో కనుమ అంతా ఒకటే నున్నటి బండ. ఎంత వెతికినా గులకరాయి కూడా లేదు.

కుముదసేనుడు ఉంగరం తీసి అక్కడ పెట్టాడు. "ఇంతకుమించి నా దగ్గర లేదమ్మా, దారి ఇయ్యి" అన్నాడు. దారి సాగింది.

గుహలో మేఘజటుడు సంచి తలకింద పెట్టుకుని గుర్రుపెడుతున్నాడు. పక్కన పంజరంలో చిలుక. వాడి మంత్రశక్తంతా దాంట్లోనే ఉందని మేక చెవిలో చెప్పింది. కుముదసేనుడు సంచి లాగి, ఆ చోట తన ఉత్తరీయం మడిచి పెట్టాడు. పంజరం తీసుకున్నాడు. పోతూ పోతూ పిడికెడు గులకరాళ్ళు ఏరుకున్నాడు.

మూడో కనుమలో రాయి పెడుతుంటే, ఉంగరం తీసేసుకోమంది మేక. ఇచ్చింది ఎలా తీసుకుంటామన్నాడు. పంజరం తెరిస్తే చిలుకా ముక్కుతో ఒక రాయి పెట్టింది. వెంటనే ఈకలు రాలి, మాంత్రికుడు చిలుకగా మార్చిన హేమవల్లి అనే రాజకుమార్తె నిలబడింది.

మేఘజటుడు లేచాడు. చిలుక లేదు, ఎగరలేడు. కాలినడకన తరిమాడు. రాయి పెట్టలేదు. దారి తిప్పి తిప్పి వాణ్ణి గుహలోనే దింపింది.

ఇంటికొచ్చి సంచి విప్పగానే రాణి చిన్నకొడుకు ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఉంగరం ఏదని రాజు అడిగాడు. దారికిచ్చానని కొడుకు ఒప్పుకున్నాడు. రాజు కోపంగా నోరు తెరిచి, రాణి ముఖం చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నెమ్మదిగా మాట్లాడు నాయనా" అన్నాడు, "అమ్మ లేస్తుంది."

కుముదసేనుడు హేమవల్లిని పెళ్ళాడి, బోసివేలితోనే పట్టం కట్టుకుని చాలాకాలం చల్లగా ఏలాడు. మేఘజటుడు మాత్రం ఇంకా ఆ కొండల్లో తిరుగుతూనే ఉన్నాడట. ఒక్క రాయి పెడితే చాలని వాడికి ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.