సూరీడికి బెండకాయ ఇచ్చిన నీళ్లు

రండర్రా, దగ్గరికి జరగండి. అరుగు చివర కూర్చున్న గుంపు కూడా ఇటు రావాలి, నా గొంతు అంతదూరం నడవలేదు. బెండకాయ అనగానే మొహం చిట్లించేవాళ్లు ముందు వరసలో కూర్చోండి. ఈ కథ ముఖ్యంగా మీకే.

ఒకప్పుడు బెండకాయలో జిగురు లేదు. కోస్తే కత్తికి అంటుకునేది కాదు. లోపల కొబ్బరినీళ్లలాంటి తేట నీళ్లుండేవి.

ఆ రోజుల్లో సూరీడు కూడా మహా మర్యాదస్తుడు. ఇప్పటిలా చెప్పాపెట్టకుండా పీల్చేసేవాడు కాదు. ప్రతి మొక్క ముందూ నిలబడి, గొంతు సవరించుకుని, "అమ్మా, ఎండన పడి వచ్చాను, కాసిన్ని నీళ్లిప్పించండి" అనేవాడు.

ఆ ఎండ ఎవరిదయ్యా అని అడిగే ధైర్యం ఎవరికుంది? ఎండన పడి వచ్చినవాళ్లకు నీళ్లు లేవనకూడదు కదా! అందుకని మొక్కలన్నీ ఇచ్చేవి. ఆయన కొద్దిగానే తాగేవాడు. ఆయనకు కొద్దిగా అంటే చెరువులో సగం.

ఆ ఊళ్లో సింగారమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక ఏడాది మండువేసవిలో బావి అడుగంటింది. పెరటి మొక్కలకు పోయడానికి రోజుకు ఒక్క కడవ నీళ్లే మిగిలేవి. వానలు పడేదాకా కూరకు ఆ పెరడే దిక్కు. అది ఎండిందా, ఇంటిల్లిపాదికీ గొడ్డుకారమే.

సరిగ్గా అప్పుడే ఆవిడ భర్త దాలినాయుడు కొండమీదున్న వియ్యంకుడింటికి వెళ్లి, కాబేజీ నారూ కొత్తిమీర విత్తనాలూ మోసుకొచ్చాడు.

"చూశావటే, వియ్యంకుడి తోటలో ఒక్కో కాబేజీ నా తలకాయంత!"

"లోపలేమైనా ఉందా, లేక అందులోనూ నీ తలకాయంతేనా?" అంది సింగారమ్మ. "ఏమయ్యా, ఈ నెలలో కూడా వాళ్లు పొద్దున్నే కంబళి కప్పుకుంటారు. మనం తడిగుడ్డ కప్పుకుంటాం. కంబళి ఊరి మొక్క తడిగుడ్డ ఊళ్లో బతుకుతుందా?"

"బతక్కేం? మొక్కకు ఊరేమిటే?"

"అలాగే. సగం పెరడు నీది, సగం నాది" అని ఆవిడ తన సగంలో బెండ గింజలు నాటింది. అవి వాళ్ల ఊరి ఎండలోనే పుట్టి, ఆ ఎండలోనే ఎండిన గింజలు.

మొక్కలు లేచాయి. సూరీడు రానే వచ్చాడు.

కాబేజీ ఆకులన్నీ బార్లా తెరిచింది. "అయ్యో, తమరా! మా కొండమీద మీ దర్శనమే గగనమండీ. మంచు వెనకాల నిలబడి తొంగిచూసి వెళ్లిపోతారు. రండి, కూర్చోండి, ఎంత కావాలంటే అంత తాగండి!"

ఆయన కూర్చున్నాడు. తాగాడు. సాయంత్రానికి కాబేజీ పిండి ఆరేసిన గుడ్డలా వాలిపోయింది. పాపం, మర్యాదకు మాత్రం లోటు రానివ్వలేదు.

కొత్తిమీర సూరీణ్ణి దూరం నుంచి చూసే బెంబేలెత్తింది. "అమ్మో, నా పనైపోయింది! పిల్లల సంగతి చూడాలి!" అంటూ నాలుగు ఆకులైనా వెయ్యకుండా పువ్వు పూసి, గింజ కట్టి, ఎండిపోయింది.

"కొత్తిమీర వేస్తే ధనియాలొచ్చాయి. గొప్ప వ్యవసాయం!" అంది సింగారమ్మ. దాలినాయుడు ఆకాశం వైపు చూస్తూ ఈల వేశాడు.

బెండ కూడా అడిగినప్పుడల్లా ఇస్తూనే ఉంది. అదీ వడిలింది. సింగారమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు కడవ అప్పటికే ఖాళీ. పొయ్యి దగ్గర తను తాగుదామని పెట్టుకున్న గంజి ఒక్కటే ఉంది. దాన్ని తెచ్చి చల్లార్చి బెండ మొదట్లో పోసింది.

"తాగు తల్లీ. ఇది నా నోటి దగ్గరిది. దీన్ని కూడా ఆ పెద్దమనిషికి దానం చేశావంటే, పుణ్యం నీకు, పస్తు నాకు."

బెండకు సిగ్గేసింది. లేదనకూడదు. ఇస్తే ఈ అమ్మ పస్తుంటుంది. ఏం చెయ్యాలి? ఆలోచిస్తూ గంజి తాగింది. చిక్కగా, జారుడుగా ఉంది. మట్టిలోకి ఓ పట్టాన ఇంకనే లేదు. 'ఓహో!' అనుకుంది బెండ. రాత్రికి రాత్రి తన నీళ్లన్నిటినీ అలాగే చిక్కబరిచింది.

మర్నాడు సూరీడు వచ్చాడు. "అమ్మా, కాసిన్ని నీళ్లు."

"అయ్యో, అంతకంటేనా! మా ఇంట్లో నీళ్లు కాస్త చిక్కగా ఉంటాయి. ఏమీ అనుకోకండి."

సూరీడు మూతి పెట్టి పీల్చాడు. నీళ్లు రాలేదు, తీగ వచ్చింది. వెనక్కి లాగితే ఇంకా సాగింది. పెదవులు రెండూ అతుక్కుపోయాయి.

"మ్మ్! మ్మ్మ్!" అన్నాడు.

"ఇంకొంచెం కావాలా? మొహమాటపడకండి" అంది బెండ.

ఆయన మూతి తుడుచుకుంటూ పడమటి కొండ వెనక్కి పరిగెత్తాడు. మొహం ఎర్రబడింది. ఆ మర్నాటినుంచి అడగడమే మానేసి, చెప్పాపెట్టకుండా పీల్చెయ్యడం మొదలెట్టాడు. అడిగితే ఎవరేం పోస్తారోనని భయం! బెండ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, పెదవులు తడుముకుని, ముందుకు సాగిపోయేవాడు.

బెండ విరగకాసింది. వానలు పడేదాకా ఆ ఇంట్లో వేపుడు, పులుసు, మళ్లీ వేపుడు.

"నేను ముందే అనుకున్నానే, బెండే మేలని" అన్నాడు దాలినాయుడు మూడోసారి వడ్డించుకుంటూ.

"అవునవును. ఆ అనుకున్నది కాస్త నోటితో అనుంటే, ఆ కొండంతా దిగి మోసుకొచ్చే శ్రమ తప్పేదిగా" అంది సింగారమ్మ.

అప్పటినుంచే బెండకాయకు జిగురు. అప్పటినుంచే మండువేసవిలో వేసినా బెండ తలెత్తుకు నిలబడుతుంది. కోశాక నీళ్లు తగిలితే మళ్లీ సూరీడే మూతి పెట్టాడనుకుని ఇంకా జిగురు వదులుతుంది. మీ అమ్మలు ముందే కడిగి, తుడిచి, అప్పుడు కోసేది అందుకే.

సరే, లేవండి. పొద్దుపోయింది, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. కంచంలో బెండకాయ ఉంటే "ఛీ, జిగురు" అని పక్కకు నెట్టకండి. ఆ జిగురు పెట్టింది మీకు కాదు, సూరీడికి. మీకు మిగిల్చింది కూర.