మోకులో నిలబడ్డ రాజు

ఏనుగులకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు అన్నీ ఉన్నాయి, ఓబన్నకున్న నోరు తప్ప. రాజు పద్యం చదివితే సభ ఆవలించేది. విదూషకుడు ఓబన్న తుమ్మినా పకపకా నవ్వేది. మెప్పు అడిగి పెట్టించుకునేది కాదు. ఆ ముక్క రాజుకు చెప్పేవాడెవడు?

ఒకనాడు ఓబన్న మాటకు పట్టపురాణి కూడా నవ్వింది. తన పద్యానికి ఏనాడూ పెదవి కదపని రాణి! ఆ పూట రాజుకు అన్నం సయించలేదు. మెతుకు మెతుకులోనూ ఓబన్నే కనిపించాడు.

మర్నాడు ఏనుగుల్ని కట్టే పొడవాటి మోకు తెప్పించి, రెండు కొసలూ కలిపి ముడివేయించాడు. తాడు మీద తాడు పడకుండా మెలికలు మెలికలుగా రాణీ సభా చూస్తుండగా కోట ముందు ఇసుకలో తానే పరిచాడు.

"ఓబన్నా! ఇందులో నీ ఇష్టమొచ్చిన చోట నిలబడు. ఏనుగు లాగుతుంది. తాడు నిన్ను వదిలి జారిపోతే గెలిచావు. కాళ్లకు బిగిసిందా, పొద్దుగూకేలోగా పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాలి!"

"తమరు నిలబడరా ప్రభూ?"

"పరిచినవాణ్ణి, నాకేం భయం?"

రాజు మూడు వరుసలు దాటి, అంచునే, కాస్త ఖాళీ ఉన్నచోట మీసం దువ్వుతూ నిలబడ్డాడు. ఓబన్న తలవంచి, పెదవులు కదుపుతూ ఎనిమిది వరుసలు దాటి నట్టనడుమ ఆగాడు.

"అయ్యో!" అంది రాణి.

ఆ అయ్యో కూడా వీడికేనా! రాజు మావటి వైపు తిరిగాడు. "ఊఁ, లాగించు!"

మావటి అదిలించాడు. ఏనుగు కదిలింది. మోకు పాములా పాకి, ఓబన్న కాళ్ల పక్కనుంచి జారిపోయి, రాజుగారి పిక్కలకు బిగిసింది. కిరీటం ఒకవైపు, రాజు ఒకవైపు!

"పరిచింది నేనైతే, నీకెలా తెలిసిందిరా?" ఇసుక ఉమ్ముతూ అడిగాడు రాజు.

ఓబన్న చేయందించాడు. "తాడు ఒకసారి దాటితే లోపల, మళ్లీ దాటితే బయట. బేసైతే చిక్కినట్టు, సరైతే బతికినట్టు. తమరు మూడు దాటారు, నేను ఎనిమిది. ఇరవై ఏళ్లుగా తమ కొలువులో నా బతుకే ఇది కదా ప్రభూ! పొద్దున లోపల, సాయంత్రం బయట. లెక్క పెట్టుకోకపోతే ఎలా?"

సభికులు రాజు ముఖం వంక చూశారు. రాణి మాత్రం రాజుగారి మీసంలోని ఇసుక చూసి ఫక్కున నవ్వేసింది.

తన మూలాన రాణి నవ్వడం రాజుకు అదే మొదలు. ఆయనకూ నవ్వు ఆగలేదు. మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్న మెడలో వేశాడు.

"ఇక లోపలే ఉండరా. దీన్ని మాత్రం దాటకు!"