మారెక్క మిట్ట

ఎప్పటి మాటో అడగొద్దు. ఏ రాజు ఏలేవాడో అసలే అడగొద్దు. ఎవరు ఏలినా ఆ సీమలో ఎండ ఒకటే, దుమ్ము ఒకటే. అలాంటి కాలంలో, ఏనుగు కొండలకు దిగువన, గుండ్లవంక అని ఒక వంక ఉండేది. ఇప్పటికీ ఉంది. వంక అంటే నీళ్ళు పారేదనుకుంటారు కదా, గుండ్లవంకకు ఆ అలవాటు తక్కువ. ఏడాదిలో ఏ నాలుగు రోజులో ఏరు వచ్చి పారితే పారినట్టు. మిగిలిన రోజులన్నీ ఇసక, గుండ్లు, తొండలు.

ఆ వంకకు అడ్డంగా బండ్ల బాట. వంకకు ఇవతల మూడిళ్ళపల్లె, అవతల సంత. మూడిళ్ళపల్లెలో ఉన్నది మూడిళ్ళు కావు, చాలా ఇళ్ళే. పేరు మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. బాట వంకలోకి దిగేచోట ఒక మిట్ట. మిట్ట మీద ఒక తుమ్మచెట్టు. చెట్టు కింద ఒక పెద్ద మట్టి బాన. బాన పక్కన మారెక్క.

మారెక్కకు పొలం లేదు, మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక గుడిసె, ఒక చెలమ. వంకలో ఇసక తోడితే గుంటలో నీళ్ళు ఊరతాయి. దాన్నే చెలమ అంటారు. ఎండాకాలంలో ఆ బాటన పోయేవాళ్ళ దప్పిక తీర్చేది అదొక్కటే. మారెక్క పొద్దున్నే వంకలోకి దిగేది, చెలమ తోడేది, తేటనీళ్ళు కడవకెత్తి మిట్టెక్కి బానలో పోసేది. మళ్ళీ దిగేది, మళ్ళీ తోడేది, మళ్ళీ ఎక్కేది. వచ్చేపోయేవాళ్ళకు ముంతతో నీళ్ళిచ్చేది. వాళ్ళు పిడికెడు రాగులో, చిటికెడు ఉప్పో పెట్టి పోయేవాళ్ళు. ఏమీ పెట్టకుండా మూతి తుడుచుకుని పోయేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళకూ ఇచ్చేది.

అంతా బాగానే ఉంది గానీ, ఆమెకొక మొండి పట్టు. వంకలో, చెలమ దగ్గర, ఎవర్నీ తాగనిచ్చేది కాదు. ఎంత పెద్దవాడు వచ్చినా, ఎంత దప్పికతో వచ్చినా, ఒకటే మాట.

"నీళ్ళు పుట్టేది కింద, నాయనా. తాగేది పైన."

ఒకరోజు ఉప్పమ్ముకునే సుంకన్న గాడిదలతో వచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. చెలమ పక్కనే కూలబడ్డాడు.

"అవ్వా, నీళ్ళు కళ్ళ ముందరే ఉండాయి. నేను ఎక్కలేను, నా గాడిదలూ ఎక్కలేవు. ఈడ్నే ఇంత పొయ్యి."

"ఏరు వస్తే?" అంది మారెక్క.

సుంకన్న ఆకాశం వైపు చూశాడు. "మబ్బు తునక కూడా లేదు గదా."

"మన నెత్తిన లేదు. కొండల్లో ఉందో లేదో ఈడికి కనపడదు."

"అయితే ఈ పొద్దు ఏరు వస్తాదా?"

"నాకేం తెలుసు, నాయనా."

"తెలీకపోతే ఎందుకు ఎక్కమంటాండావు?"

"తెలీదు కాబట్టే. నీళ్ళు పుట్టేది కింద. తాగేది పైన."

ఈ ముసలామెతో వాదించే ఓపిక ఉంటే ఆ ఓపికతో మిట్టే ఎక్కొచ్చని సుంకన్నకు తోచింది. గొణుక్కుంటూ ఎక్కాడు. గాడిదలు కూడా గొణుక్కుంటూనే ఎక్కాయి. కడుపునిండా తాగాడు. ఆ రోజు ఏరు రాలేదు.

ఇంకొకరోజు పాలెగాని బంటు ఒకడు గుర్రమెక్కి వచ్చాడు. మీసాలు పెద్దవి, నోరు ఇంకా పెద్దది. గుర్రాన్ని నేరుగా, మారెక్క నీళ్ళు తోడుతున్న చెలమ దగ్గరికి తోలాడు.

"ఏమ్మే, ముంత ఇట్ల తే."

"నీళ్ళు పుట్టేది కింద, సామీ. తాగేది పైన."

"నేను మిట్టెక్కి నీ ముందర దోసిలి పట్టాల్నా?"

"దోసిలి వద్దు సామీ, ముంత ఇస్తా. ఎక్కి రాండి."

బంటు గుర్రం దిగి చెలమ మీదికి వంగబోయాడు. మారెక్క చేతికర్రతో చెలమలో అడుగంటా కెలికింది. తేటనీళ్ళు బురదయ్యాయి. బంటు ఆమెను తిట్టాడు, ఆమె ఊరిని తిట్టాడు, దప్పికతోనే గుర్రమెక్కి పోయాడు. ఆ రోజు కూడా ఏరు రాలేదు.

మారెక్కకు ఈ పట్టు ఊరికే రాలేదు. ఆమెకు కొత్తగా పెళ్ళయిన కాలంలో, ఆమె మొగుడు నాగులు రెండు మేకలను తోలుకుని వంకలోకి దిగాడు. నీళ్ళ కోసం చెలమ మీదికి వంగాడు. మారెక్క మిట్ట మీద కూచుని కాల్లో విరిగిన ముల్లు తీసుకుంటోంది. తలెత్తి చూసేసరికి మొగుడు లేడు, మేకలు లేవు, చెలమ లేదు. పైన ఎండ కాస్తోంది. కింద ఏరు పారుతోంది. వాన ఎక్కడో కొండల్లో కురిసింది. ఇక్కడ ఒక్క చినుకు రాల్లేదు.

అది చూసిన పెద్దవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇప్పటివాళ్ళకు ఆమె మొండితనం తెలుసు గానీ దాని వెనక సంగతి తెలీదు. ఆమె చెప్పేదీ కాదు. చెబితే అయ్యో పాపం అంటారు, అనేసి కిందనే తాగుతారు. ఆ మాత్రం ఆమెకు తెలుసు.

బంటు తిట్టిన తిట్లు ఊరి పెద్ద ఓబుల్రెడ్డి దాకా చేరాయి. ఓబుల్రెడ్డి చెడ్డవాడేం కాదు. ఊరికి మాట రాకూడదనుకునే మనిషి. మారెక్కను రచ్చబండ దగ్గరికి పిలిపించాడు.

"వంక ఊరిది, చెలమా ఊరిదే. ఇంకమీదట ఎవరికి యాడ ఇష్టమైతే ఆడ తాగుతారు. నువ్వు అడ్డం పడితే మిట్ట మీద నీ గుడిసె ఉండదు. ఇనపడిందా?"

"ఇనపడింది, రెడ్డీ" అంది మారెక్క.

రచ్చ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలిదానికి నిద్రలో కూడా ఏరే వస్తుందేమో అన్నాడు ఒకడు. నవ్వితే నవ్వనీ అనుకుంది గానీ, ఆమె మనసుకు కష్టమైంది. ఆ రోజు నుంచి జనం చెలమ దగ్గరే తాగారు, అక్కడే కాళ్ళు చాపుకుని పడుకున్నారు. మారెక్క మాత్రం దిగేది, తోడేది, ఎక్కేది. బాన నిండుగానే ఉండేది. ఎక్కి తాగేవాళ్ళే లేరు.

అలా ఉండగా ఎండాకాలం ముదిరింది. కొండ తిరునాళ్ళు వచ్చాయి. మూడిళ్ళపల్లె జనమంతా బండ్లు కట్టుకుని తిరునాళ్ళకు పోయారు. తిరిగి వస్తూ, పొద్దు వాలే వేళకు గుండ్లవంక చేరారు. ఊరు ఇంకా దూరం. గాలి ఆడడం లేదు, ఒంటి మీద గుడ్డ నిలవడం లేదు. గట్టు నీడ పడి వంకలో ఇసక చల్లగా ఉంది. బండ్లు అక్కడే ఆపారు, ఎద్దులను విప్పారు. ఆడవాళ్ళు సద్దిమూటలు విప్పారు. పిల్లలు తిరునాళ్ళలో కొన్న బుడ్డగిలకలు గలగలలాడిస్తూ ఇసకలో పడి దొర్లుతున్నారు. ఓబుల్రెడ్డి తలపాగా తీసి తల కింద పెట్టుకుని, మనవణ్ణి పక్కన వేసుకుని నడుం వాల్చాడు.

కొండల అవతల ఎక్కడో చిన్నగా ఉరిమింది. పక్కింట్లో తిరగలి తిప్పినట్టు, అంతే. మారెక్క మిట్ట దిగి వచ్చింది.

"రెడ్డీ, పిల్లోళ్ళను తీసుకుని పైకి రాండి. బాన నిండా నీళ్ళుండాయి."

ఓబుల్రెడ్డి కళ్ళు తెరవలేదు. "ఎన్ని తూర్లు చెప్పినావు ఈ మాట? ఎన్ని తూర్లు వచ్చింది ఏరు?"

"రాలేదు, రెడ్డీ."

"ఈ పొద్దు వస్తాదా?"

"నాకు తెలీదు."

"తెలీనప్పుడు నోరు మూసుకో. జనం అలిసిపోయినారు."

జనం మళ్ళీ నవ్వారు. మారెక్క ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. చంకన బిడ్డలున్న తల్లులు, కాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళు, ఇసకలో పిల్లలు. ఆమెకు భయమేసింది. బతిమాలితే ఎక్కరు, బెదిరిస్తే ఎక్కరు. వీళ్ళను ఎక్కించేది ఒకటే ఉంది, అది దప్పిక.

ఎద్దులు కట్టేసిన చోటుకు పోయింది. పేడలో రెండు కాళ్ళూ పెట్టి తొక్కింది. ఎవరూ ఏమీ అనుకునేలోపు నడుచుకుంటూ వచ్చి, ఆ కాళ్ళతో చెలమలోకి దిగి నిలబడింది.

తాగే నీళ్ళలో కాలు పెట్టడమంటే ఆ సీమలో చిన్న సంగతి కాదు. చంటిపిల్లవాడు తెలియక కాలు పెట్టినా తల్లి వీపు మీద ఒకటి వేస్తుంది. వంకంతా ఒక్కసారిగా తిట్లు మొదలయ్యాయి. ఎవరో ఒక ఇసకగడ్డ తీసి విసిరారు. ఓబుల్రెడ్డి ఎద్దులను అదిలించే ములుగర్ర పట్టుకుని లేచాడు. ముసలిది కదా అని కొట్టలేదు.

"తాగే నీళ్ళు పేడ చేస్తివి గదే. నీదేమన్నా మనిషి పుట్టుకేనా?"

"బానలో తేటనీళ్ళు ఉండాయి, రెడ్డీ. నీళ్ళు పుట్టేది కింద. తాగేది పైన."

ఇక అక్కడ ఉండి చేసేదేముంది? తిట్టుకుంటూనే బండ్లు కట్టారు. పిల్లలను రెక్క పట్టి లేపారు. సద్దిమూటలు మళ్ళీ కట్టుకున్నారు. ఒకరి వెనక ఒకరు మిట్టెక్కారు. మారెక్క కూడా వాళ్ళ వెనకే కడవ ఎత్తుకుని కదిలింది. ఓబుల్రెడ్డి వెనక్కి తిరిగాడు.

"నువ్వు ఎక్కొద్దు. పాడు చేసిన చేతుల్తోనే బాగు చెయ్యి. చెలమంతా తోడిపొయ్యి. కొత్త నీళ్ళు ఊరినాక, అప్పుడు రా."

అందులో అన్యాయమేమీ ఆమెకు కనపడలేదు. పేడ తన కాళ్ళది. రేపు ఈ బాటన వచ్చేవాళ్ళకు నీళ్ళు కావాలి. ఏరు ఈ పొద్దు వస్తుందో రాదో ఆమెకు మాత్రం ఏం తెలుసు? చాలా రోజులు రాలేదు. కడవ దించి చెలమలోకి దిగింది. ముంతతో తోడి అవతలికి పొయ్యడం మొదలుపెట్టింది. మిట్ట మీద పిల్లల గోల వినిపిస్తోంది. ఆ గోల అక్కడి నుంచి వస్తున్నందుకు ఆమె మనసు నిమ్మళంగా ఉంది.

పైన బాన చుట్టూ జనం మూగారు. ముందు ఓబుల్రెడ్డి తాగాడు. తర్వాత మగవాళ్ళు తాగారు. తర్వాత ఆడవాళ్ళు, పిల్లలు తాగారు. నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పుకున్నారు. కొండల వైపు ఎవరూ చూడలేదు. కింద చెలమ తోడే మనిషికి దప్పికవుతుందని ఎవరికీ తోచలేదు.

అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. రాళ్ళ బాట మీద చాలా బండ్లు వస్తున్నట్టుంది.

"వెనకాల ఇంకా ఎవరో వస్తాండారు" అంది ఓబుల్రెడ్డి కోడలు.

బండ్లు కావు. వంక మలుపు దగ్గర ఎర్రటి నీళ్ళు మనిషెత్తున లేచి కనపడ్డాయి. నీళ్ళ ముందర చెట్లు వస్తున్నాయి. నీళ్ళ అడుగున గుండ్లు దొర్లుతున్నాయి. పైన మాత్రం ఎండ అలాగే ఉంది.

"మారెక్కా, పైకి రా. మారెక్కా, పైకి రా. మారెక్కా, పైకి రా." మిట్ట మీద జనమంతా అరిచారు.

మారెక్క చెలమలో నుంచి చేతులు ఆనించి లేచింది. ముసలి మోకాళ్ళు. ఇసకలో నాలుగడుగులు వేసింది. చప్పుడు ఎటు నుంచి వస్తుందో ఆమెకు తెలుసు, అటు చూడలేదు. మిట్ట వైపు చూసింది. పిల్లలందరూ పైనే ఉన్నారు. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి.

ఆ రోజు ఏరు వచ్చింది.

మరునాటికి వంకలో వరద తీసింది. జనం రెండు గట్లూ వెదికారు. మారెక్క దొరకలేదు. చెలమ ఉన్న జాగా కూడా దొరకలేదు. ఓబుల్రెడ్డి మిట్ట దిగి ఊళ్ళోకి పోలేదు. బాన పక్కన కూచుని, తాను తాగిన ముంతను చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. పిలవడానికి వచ్చిన కోడలితో అన్నాడు.

"అందరం తాగితిమి గదమ్మా. ఆమెకు ఒక్క ముంత పంపలేదు."

కోడలు ఏడ్చింది. రెడ్డి కూడా ఏడ్చాడు. ఊరి పెద్ద ఏడవడం మూడిళ్ళపల్లె అంతకుముందు చూడలేదు.

మారెక్క దేవత అనీ, ఏరు వచ్చేది ఆమెకు ముందే తెలుసనీ కొందరు మాట పుట్టించారు. గుడి కడదామన్నారు. ఉప్పు అమ్ముకుంటూ అటు వచ్చిన సుంకన్న ఆ మాట విని కోప్పడ్డాడు. "తెలీదని నాతోనే చెప్పింది. తెలీకనే ఎక్కించేది అందర్నీ. తెలిసిన దేవతకు గుడి కట్టుకుంటే, తెలీని మనుషులు మళ్ళీ కిందనే పండుకుంటారు" అన్నాడు. గుడి కట్టలేదు. ఓబుల్రెడ్డి ములుగర్ర పక్కన పెట్టి, తానే వంకలో కొత్త చెలమ తోడాడు. నీళ్ళెత్తుకుని మిట్టెక్కి బానలో పోశాడు. బతికినన్నాళ్ళూ ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

ఓబుల్రెడ్డి పోయాడు. ఆ బాన పగిలి ఇంకో బాన వచ్చింది. తుమ్మచెట్టు పడిపోయి ఇంకో చెట్టు మొలిచింది. అది మారెక్క మిట్ట అయింది. ఇప్పటికీ గుండ్లవంక దాటేవాళ్ళు వంకలో చుక్క నీళ్ళు తాగరు, వంకలో కూచోరు. ఆకాశం ఎంత తేటగా ఉన్నా సరే. ఒకరు నీళ్ళకు దిగితే ఇంకొకరు మిట్ట మీద కొండల వైపు తిరిగి నిలబడాలి. దిగినవాళ్ళు ఎక్కేదాకా ఆ ముఖం తిప్పకూడదు. బాన నిండా నీళ్ళుంటాయి, చేతిలో ముంత ఉంటుంది, గొంతు ఎండిపోతూ ఉంటుంది. అయినా ఎవరూ ముంచరు. కింద ఉన్న మనిషి పైకి రావాలి. మొదటి ముంత ఆ మనిషికే ఇస్తారు.