సుంకమ్మ గోడమీది వానలు

అనగనగా, కొండకి పచ్చటి తల ఉండి, మబ్బులు ఆ తల నిమిరి పోయే కాలంలో, ఎర్రమిట్ట అని ఒక ఊరు. ఆ ఊరి చివరింట్లో సుంకమ్మ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. ఆమెకు తోడున్నవి మూడే: ఒక రోలు, ఒక రోకలి, ఒక కొబ్బరి చిప్ప.

ఊరి ఆడవాళ్లు కొర్రలూ జొన్నలూ తెచ్చి ఆమె వాకిట్లో పెట్టి పోయేవాళ్లు. ఆమె దంచి ఇచ్చేది.

"అయిందా సుంకమ్మా?"

"అయింది తల్లీ."

అంతే మాట. ఆ రెండు ముక్కల కోసం పొద్దంతా ఎదురుచూసేది సుంకమ్మ.

రోలు వాకిట్లోనే ఉండేది. వాన పడితే నిండేది. దంచాలంటే ముందు ఆ నీళ్లు తోడాలి. చిప్పతో తోడి బానలో పోసుకునేది. తోడిన ప్రతి చిప్పకీ గోడమీద ఒక సున్నపు బొట్టు పెట్టేది. ఏడాదికి ఒక వరస. వాన పడని కార్తెకి జానెడు జాగా వదిలేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేది: "ఇంటికొచ్చిన చుట్టాన్ని గుర్తుపెట్టుకోవద్దా? నా ఇంటికొచ్చే చుట్టం వానొక్కటే."

ఇట్లా ఉండగా, ఊరి పెద్ద ఓబుళరెడ్డి కొండ కింద సున్నపు బట్టీ పెట్టాడు. తర్వాత రెండోది పెట్టాడు. తర్వాత మూడోది. బట్టీ మండాలంటే కట్టెలు కావాలి. కొండకి గుండు గీశారు. ఆకాశం పొగచూరింది. అడిగినవాడు లేడు. కొండ అందరిదీ, లాభం ఒక్కడిది.

ఒకరోజు సుంకమ్మ నడుం వాల్చి గోడవైపు చూసింది. చూసి లేచి కూచుంది. పై వరసల్లో బొట్లు ముగ్గు పెట్టినట్టు సమంగా పరుచుకున్నాయి. కిందికి వచ్చేకొద్దీ ఖాళీలు. ఖాళీ, ఖాళీ, ఖాళీ, తర్వాత ఒక్కచోటే చీమల పుట్టలా బొట్లు. రావాల్సినప్పుడు రాని వాన, రాకూడనప్పుడు ఒక్కసారే మీదపడి మట్టిని ఎత్తుకుపోతోంది.

ఒక్కరొచ్చి ఆ గోడ చూస్తే చాలు, అనుకుంది సుంకమ్మ.

మొదట చావడికి పోయింది.

"అయ్యా, వాన తీరు మారింది. కొండకి చెట్లు లేక, గాలి నిండా పొగై మారింది. మా గోడ చూడండి."

ఓబుళరెడ్డి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమే సుంకీ, నీ రోలు జోస్యం కూడా చెప్తాందా? నీ గోడమీది సున్నం యాడిదే? నా బట్టీది కాదా?"

చావడంతా నవ్వింది. సుంకమ్మ తల దించుకుంది. ఆ మాట నిజమే మరి. ఒక్కరూ గోడ చూడలేదు.

రెండోసారి బావి దగ్గరికి పోయింది.

"అమ్మలారా, కొర్రలు కడిగిన నీళ్లు పారబోయకండి, వాటితో గిన్నెలు తొలవండి. గిన్నెలు తొలిచిన నీళ్లు పాదులకు పోయండి. వానొస్తే చూరు కింద బాన పెట్టండి. రాబోయే ఎండలు వెనకటి ఎండలు కావు."

లక్షుమక్క అనే పెద్దామె మూతి తిప్పింది. "ఇంగ కన్నీళ్లు గూడా దాచిపెట్టమంటాదేమో! ఒంటిగా ఉండీ ఉండీ దీనికి పిచ్చి పట్టిందే."

బావిగట్టంతా నవ్వింది. ఒక్కరూ గోడ చూడలేదు.

ఆ తర్వాత మూడో ఏడు వాన ముఖం చాటేసింది. బావిలో మోకాటి లోతు నీళ్లు మిగిలాయి. అప్పుడు ఊరు వాన కోసం కప్పతల్లిని ఎత్తింది. రోకలికి వేపమండలు చుట్టి, అందులో కప్పను కట్టి, ఇద్దరు ఆడవాళ్లు భుజాన మోస్తూ ఇంటింటికీ తిప్పాలి. ప్రతి ఇంటివాళ్లూ ఒక కడవ నీళ్లు దానిమీద కుమ్మరించాలి. ఆ రోకలి ఎప్పుడూ సుంకమ్మదే. ఆ ఒక్కరోజు ఊరంతా ఆమె వాకిట్లోకి వచ్చేది.

వచ్చారు. సుంకమ్మ రోకలి ఇచ్చింది. కడవ తెచ్చింది. పోసేముందు కప్ప కింద బాన పెట్టింది.

లక్షుమక్క కెవ్వుమంది. "ఏందే ఇది? తల్లి నీళ్లు నేలకు తగలనియ్యవా?"

"నూరిళ్లు, నూరు కడవలు అక్కా. ఉన్నదే మోకాటి లోతు. ఆ కాస్తా మట్టిపాలు చేసి ఏ వానను పిలుస్తారు? ఇంతదాకా వచ్చారు, ఆ గోడొక్కసారి చూడండి."

అందరూ గోడకి వీపు తిప్పి వెళ్లిపోయారు. మిగిలిన ఇళ్లన్నీ కడవలు కుమ్మరించాయి. వాన రాలేదు.

"నీళ్లు పట్టుకుంది, వానను పట్టుకుంది," అన్నారు. వేరే రోకలి తెచ్చి కప్పను మళ్లీ ఊరేగించారు. మళ్లీ నూరు కడవలు. బావిలో బురద తేలింది.

ఆనాటి నుంచి సుంకమ్మ వాకిట్లో ఎవరూ గింజ పెట్టలేదు. "అయిందా సుంకమ్మా?" అని అడిగే గొంతు లేదు. ఆమె రోలు పక్కన కూచుని, తానే అడిగి తానే జవాబు చెప్పుకునేది.

"అయిందా సుంకమ్మా?"

"అయింది తల్లీ."

బావి ఎండాక, కాళ్లు ఆడేవాళ్లంతా కడవలు ఎత్తుకుని ఏటికి పోయారు. ఏరు పూట ప్రయాణం, పోయినా చెలమ ఊరేదాకా రోజులు కాచుకోవాలి. ఇళ్లల్లో ముసలివాళ్లూ పసివాళ్లూ నాలుకలు పిడచకట్టి పడున్నారు.

సుంకమ్మ ఇంట్లో మెడదాకా భూమిలో పాతిన బానలు మూడున్నాయి. ఏళ్ల తరబడి చిప్ప చిప్ప కూడబెట్టిన నీళ్లు. మిట్టమధ్యాహ్నం కడవ నింపుకుని, చిప్ప పట్టుకుని బయల్దేరింది. ఇంటింటికీ పోయింది. తిట్టిన ఇల్లు, తిట్టని ఇల్లు అని చూడలేదు. నోరు తెరిచిన ప్రతివాళ్లకీ ఒక చిప్ప. ఓబుళరెడ్డి తల్లికీ ఒక చిప్ప. మొదటిరోజు ఒక బాన అయిపోయింది. రెండోరోజు రెండోది. మూడోరోజు మూడోది. అడుగున మిగిలిన చివరి చిప్ప లక్షుమక్క మనవరాలికి పట్టింది. తన నోట్లో ఒక్క చుక్క వేసుకోలేదు.

ఆ సాయంత్రం వాన దిగింది. ఒక్కసారే, మీదపడి దిగింది.

తెల్లారి లక్షుమక్క, మనవరాలికి నీళ్లు పట్టిందెవరో విని, చేటలో కొర్రలు పోసుకుని చివరింటికి వచ్చింది. వాకిట్లో రోలు అంచుదాకా నిండి ఉంది. తోడినవాళ్లు లేరు.

"అయిందా సుంకమ్మా?" అంది లక్షుమక్క.

గడప దాటి చూసింది. లోపల ఖాళీ బాన పక్కన సుంకమ్మ ముడుచుకుని ఉంది. ఒళ్లు చల్లబడి ఉంది.

లక్షుమక్క చాలాసేపు ఏడ్చింది. తర్వాత చిప్ప తీసుకుని రోలు తోడింది. ఒక చిప్ప, ఒక బొట్టు. ఇంకో చిప్ప, ఇంకో బొట్టు. బొట్టు పెట్టడానికి వంగినప్పుడు మొదటిసారి ఆ గోడ చూసింది. పైనుంచి కింద దాకా చూసింది. చేటెడు కొర్రలు నేలపాలైనా గమనించలేదు. లేచి ఊళ్లోకి పరిగెత్తింది.

ఆరోజు ఊరంతా గోడ ముందు నిలబడింది. చూడమన్న మనిషి తప్ప అందరూ ఉన్నారు.

బట్టీలు ఆరాయా అంటే, ఒకటి ఆరింది. ఊరు కొండమీద మొక్కలు నాటింది. మిగతా రెండూ ఇంకా మండుతూనే ఉన్నాయి. అందుకే ఈ కథ ఇంకా చెప్పాల్సివస్తోంది.

ఈనాటికీ ఎర్రమిట్టలో కప్పతల్లి కింద బాన పెట్టకుండా ఎవరూ నీళ్లు పోయరు. వాన వెలిస్తే రోలు తోడి గోడమీద బొట్లు పెడతారు. ఎవరైనా చెంబెడు నీళ్లు ఊరికే పారబోస్తే, పక్కవాళ్లు తిట్టరు. "గోడ చూడు," అంటారు. అంతే.

ఆ రోట్లో మాత్రం ఎవరూ దంచరు. వాన వెలిసిన పొద్దున ఎవరో ఒకరు దాని దగ్గర నిలబడి, "అయిందా సుంకమ్మా?" అని అడుగుతారు. జవాబు కోసం కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే చిప్ప ముంచుతారు.