నూకరత్నం ఉప్పుచిప్ప

డాక్టర్ సోమయాజులు గారిని ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "భోజనం చేశావా?" అంటారు. చేశామన్నా వినరు, తీసుకెళ్లి మళ్లీ కంచం ముందు కూర్చోబెడతారు. వైద్య కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే.

హైమవతికీ అనుభవమే. కానీ ఆ రోజు ఆమెకు అన్నం సహించేలా లేదు. విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో మాస్టారు రిటైరై ఖాళీ చేసిన కుర్చీలో నాలుగేళ్లుగా ఆమే డాక్టరు. బీపీ మిషను చంకన పెట్టుకుని ఆఫీసు ఆఫీసూ తిరిగింది. గుమాస్తాలను, ప్రొఫెసర్లను, తోటమాలులను, ఎవరినీ వదల్లేదు. అందరి రక్తపోటూ దిగివచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యాన్ని బాగా చూసుకుంటున్నారని విశ్వవిద్యాలయానికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. సోమవారం సభ. ఆహ్వాన పత్రికలో సన్మానం పొందేవారి పేర్లు ఐదున్నాయి. యోగా గదికి రిబ్బను కత్తిరించి వెళ్లిపోయిన పెద్దమనిషి పేరు కూడా ఉంది. హైమవతి పేరు లేదు. ఆమె రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని మాస్టారి ఇంటికి వచ్చింది.

"చేసిన మనిషిని ఎవరూ గుర్తించనప్పుడు ఆ పని ఎందుకు చేయాలి మాస్టారూ?"

"భోజనం చేశావా?" అన్నారాయన.

తీసుకెళ్లింది విశ్వవిద్యాలయం క్యాంటీనుకే. ఒంటిగంట వేళ, మూడొందల మంది ఉద్యోగులు తింటున్నారు. పప్పుచారు ఎలా ఉందని ఆయన అడిగితే, ఎప్పటిలాగే బావుందని హైమవతి ముక్తసరిగా చెప్పింది. అప్పుడాయన వంట చేసే నూకరత్నాన్ని పిలిచి, "ఓ గిన్నెడు చారులో నాలుగేళ్ల కిందటి ఉప్పు వేసి తీసుకురామ్మా" అన్నారు. నూకరత్నం ఆయన వంకా డాక్టరమ్మ వంకా అనుమానంగా చూసి, లోపలికెళ్లి తెచ్చింది. హైమవతి ఒక్క గుటక నోట్లో పోసుకుని మింగలేకపోయింది.

"ఇది మనుషులు తినేదేనా మాస్టారూ?"

"ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వు రోజూ ఇదే తిన్నావు. బావుందని నాతో చెప్పావు కూడాను. ఇప్పటికీ మధ్యాహ్నం ఇక్కడే తింటున్నా నాకూ తెలియలేదు. ఇంట్లో ఆవకాయ ఉన్నట్టుండి ఉప్పుకషాయం అనిపిస్తే, అనుమానమొచ్చి ఈవిడను అడిగాను."

నూకరత్నం వాళ్లను వంటింట్లోకి తీసుకెళ్లి, ఉప్పు డబ్బాలోంచి కొలతకు వాడే కొబ్బరిచిప్ప తీసి హైమవతి చేతిలో పెట్టింది. సగానికి సగం అరిగిపోయిన చిప్ప. అంచు గాజులా నున్నగా ఉంది.

"మా ఆయన ఇక్కడే డ్రైవరండి. బీపీ ఉండేది. ఉప్పు తగ్గించమని ఈ డాక్టరు బాబుగారే చెప్పారు. సగానికి తగ్గించి వండితే కంచం తోసేసేవాడు. ఆఖరికి పక్షవాతమొచ్చి పోయాడు. ఒక్కసారిగా తగ్గించడమే నా తప్పనిపించిందమ్మా. అందుకే ఇక్కడ నెలకోసారి ఈ చిప్ప అంచు రాతిమీద నాలుగు రుద్దులు రుద్దుతాను. గుండిగకి ఎన్ని చిప్పలన్నది మాత్రం మార్చను. పక్కనుండి వండేవాళ్లకీ తెలీదు, తినేవాళ్లకీ తెలీదు."

"ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు ఆగాలో నీకెవరు చెప్పారు?"

"మీరే కదమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది హైమవతికి. ప్రతి ఒకటో తారీకునా నూకరత్నం ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "అందరికీ ఎలా ఉందమ్మా?" అని అడిగేది. ఊసుపోక అడుగుతోందనుకుని, తను తలెత్తకుండానే "కొంచెం నయం" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ మనిషి వచ్చి చిప్ప అరగదీసింది. నలభై ఎనిమిది నెలలు. ఏ నాలుకా పసిగట్టలేదు, ఇన్నివందల గుండెల బరువు మాత్రం తగ్గింది. హైమవతి తీర్థం పట్టినట్టు ఆ చిప్పను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది.

"సోమవారం సభలో నీ పేరు నేను చెబుతాను" అంది.

నూకరత్నం గబుక్కున చిప్ప లాక్కుని డబ్బాలో వేసేసింది. "వద్దు తల్లీ. చెప్పిన మర్నాడే చప్పగా ఉందంటారు. బల్లబల్లకీ ఉప్పుగిన్నె పెట్టమంటారు. ఇంతకీ ఈ నెల ఎలా ఉందమ్మా అందరికీ?"

"ఇంకా చూడలేదు. చూసి ఒకటో తారీకున చెబుతా" అంది హైమవతి. రాజీనామా సంచిలో పెట్టుకుని తిరుగుతున్న మనిషి అనవలసిన మాట కాదది. అన్నాక గానీ ఆమెకా సంగతి తట్టలేదు.

బయటికి వస్తూ, "అయితే ఈవిడను గుర్తించేదెవరు మాస్టారూ?" అని అడిగింది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

సోమయాజులు గారు భోజనాల హాలు గుమ్మంలో ఆగారు. మంచినీళ్లని ఒకరు, పెరుగని ఒకరు, ఇంకొంచెం చారని ఒకరు కేకలేస్తున్నారు. ఆయన కాసేపు చెవి ఒగ్గి విన్నారు.

"ఉప్పు కావాలని ఎవరైనా అడుగుతున్నారేమో విను" అన్నారు.