నలభై మోపుల ఇల్లు

చింతపల్లి కొండల మీది ఒక ఆశ్రమంలో తారకం అనే శిష్యుడు కొత్త ఇల్లు కట్టాడు. నడవలేని పన్నెండుమంది ముసలి సాధువులు చలికాలమంతా అందులోనే ఉండాలి. దారినపోయేవాళ్లకు గంజి పోసేదీ అక్కడే. పాత పాకకైతే ఏటా రెండు వందల మోపుల కట్టెలు పట్టేవి. నరికీ నరికీ తూర్పు వాలు బోడిదైంది, దాని కింది ఊట సన్నబడింది.

"దీనికి నలభై మోపులు చాలు" అన్నాడు తారకం.

ఊరికే అనలేదు. గోడల్లోంచి, కప్పులోంచి, కిటికీల్లోంచి ఎంత వేడి పోతుందో లెక్క కట్టాడు. దక్షిణపు కిటికీల ఎండ ఇచ్చేదీ, పన్నెండు ఒంట్ల వెచ్చదనమూ అందులోంచి తీసేశాడు. మిగిలిన లోటుకు నలభై మోపులు. ఆ అంకెను పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో రాశాడు కూడా. కట్టెల కొట్టు చూసే వీరభద్రయ్య, అంకె చూసి చలి జడుసుకుంటుందేమో అని నవ్వాడు.

పుష్యమాసం వచ్చింది. పది రోజుల్లో పదిహేను మోపులు బూడిదయ్యాయి. వీరభద్రయ్య నవ్వు మానేసి గొడ్డళ్లు నూరించాడు. మూడు రోజులు చూసి, మిగిలిన చెట్లు కొట్టించేస్తానన్నాడు.

తారకానికి ఒళ్లు మండింది. అసలే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్లాడు. తప్పు తన లెక్కలో లేదు, ఆశ్రమ నియమంలో ఉంది అన్నాడు. పొద్దు పొడిచింది మొదలు చివరి బాటసారి తినేదాకా వీధితలుపు బార్లా తెరిచి ఉండాలట. వేడంతా అందులోంచే కొండపాలవుతోంది. ఆ తలుపు మూయించమన్నాడు.

గురువుగారు కర్ర తీసుకుని వెళ్లి, తన చేత్తోనే ఆ తలుపు మూశారు. తారకాన్ని తీసుకుని ఎదుటి బండ చాటున, చలిగాలిలో కూర్చున్నారు.

కాసేపటికి పసుపు బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ సంతకు పోతూ వచ్చింది. మూసిన తలుపు చూసి ఆగింది. తట్టడానికి చెయ్యెత్తి, మళ్లీ దించేసింది. బుట్ట సర్దుకుని తన దారిన కదిలింది.

తారకం ఉండబట్టలేక పరుగెత్తాడు. ఆమెను వెనక్కి పిలిచి, తలుపు తనే తెరిచి, గంజి పోసి వచ్చాడు.

"ఆవిడ నీ లెక్కలో ఎక్కడుంది?" అన్నారు గురువుగారు.

తారకం తల దించలేదు. "అయితే నియమం మార్చరా?"

"మార్చను."

"నేనూ అంకె మార్చను స్వామీ."

"మార్చమన్నానా?" అంటూ గురువుగారు లేచి వెళ్లిపోయారు.

మర్నాడు తారకం వెదురు తడికలు కట్టి, మట్టి మెత్తి, వీధితలుపు లోపల చిన్న నడవా లేపాడు. బయటినుంచి చూసేవాళ్లకు తెరిచిన వాకిలి, పీటలు, గంజికుండ కనపడతాయి. నడవా మలుపు తిరిగాక, లోపలి గదికి మూసి ఉండే రెండో తలుపు. దానికి చెక్క ఎక్కడిదని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

మూడో రోజు వీరభద్రయ్య లోపలికొచ్చి, అటూ ఇటూ తిరిగి, కప్పుకున్న పైపంచె తీసి భుజాన వేసుకున్నాడు. గొడ్డళ్లు తిరిగి కొట్లోకి వెళ్లాయి.

సాయంత్రం గురువుగారు వచ్చారు. పన్నెండు పడకల పక్కన పదమూడో చాప ఉంది.

"ఎవరిది?"

"నాదే స్వామీ. నా గుడిసెకిప్పుడు తలుపు లేదు."

గురువుగారు గోడ మీది అంకె వైపు చూశారు. "పన్నెండు ఒంట్లే లెక్కేశావుగా" అన్నారు.

తారకం నలభైని అరచేత్తో చెరిపేశాడు. బొగ్గు తీసుకుని, ముప్ఫై తొమ్మిది అని రాశాడు.